వండర్ వుమన్: ఒక వీరవనిత, ఆమె పాఠకులు

తెలిసిన పాత్రను కొత్త కవి కొత్తగా చిత్రించినప్పుడు తగవు పుట్టుట మనకు వింత కాదు. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ పాదము శ్రీకృష్ణుని శిరస్సునకు తగిలినది. అది ఔచిత్యమా, అనౌచిత్యమా యని తర్కించిన వారెందరో కలరు. అయితే సత్యభామ యొకరి సొత్తు కాదు. ఏ కవియైనను ఆమెను తన కావ్యములోనికి పిలుచుకొనవచ్చును. నచ్చనివారు వేరొక కావ్యము చదువుకొనవచ్చును. నేను చెప్పబోవు కథానాయిక పరిస్థితి అట్టిది కాదు. ఆమె ఒక ప్రచురణ సంస్థ ఆస్తి. ఆమె కథ ఒకే పత్రికలో సంచిక వెంట సంచికగా సాగును. రచయిత మారినచో ఆమె మారును. పాఠకుడు చేయగలిగినదెల్ల ఉత్తరము వ్రాయుటయే.

అమెరికా దేశమున అతిమానుష వీరుల బొమ్మల పుస్తకములు 1938లో సూపర్‌మాన్‌తో మొదలైనవి. రేడియో పెట్టె గల శ్రోతలకు ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలెను. సూపర్‌మాన్ 1940లోనే అక్కడి రేడియోకు ఎక్కెను. అతని బలమును హరించు క్రిప్టొనైట్ అను శిల మొదట వినబడినది 1943లో, రేడియో నాటకముననే. బొమ్మల పుస్తకములోనికి అది 1949లో గాని రాలేదు. పాత్రను సృష్టించినవారికంటె తరువాత చేయి వేసినవారే ఒక్కొక్కప్పుడు ఎక్కువ చేర్చుదురనుటకు ఇది నిదర్శనము.

ఈ పుస్తకములను చదువు పిల్లలు పెద్దవారై కూడ చదువుట మానకపోవుటతో అభిమానుల సమాజమొకటి ఏర్పడెను. దానికి కారకులలో జూలియస్ ష్వార్‌ట్జ్ అను సంపాదకుడు ముఖ్యుడు. అతడు 1932లో, చదువుకొను దినములలోనే, మిత్రులతో కలసి వైజ్ఞానిక కథాభిమానుల కొరకు చిన్న పత్రిక నడపినవాడు. తాను సంపాదకుడైన తరువాత, 1960 ప్రాంతమున, పాఠకుల ఉత్తరముల క్రింద వారి పూర్తి చిరునామాలను అచ్చువేయసాగెను. ఏమంత పెద్ద సంగతి యనిపించును. కాని ఎక్కడో ఒక ఊరిలో ఒంటరిగా చదువుకొనుచున్నవానికి, తనవంటివాడు మరియొక ఊరిలో ఉన్నాడని తెలిసినది. వారు ఒకరికొకరు వ్రాసికొనిరి. 1961లో జెర్రీ బెయిల్స్ అను అధ్యాపకుడు ఆల్టర్ ఈగో అను అభిమానుల పత్రికను వెలువరించెను. నాటినుండి కథ రచయిత బల్లమీదనే ముగియుట లేదు. చదివినవారి నడుమ మరల విచారణకు వచ్చుచున్నది.

ఇక మన కథానాయిక వండర్ వుమన్. 1941లో ఆమెను సృష్టించినది విలియం మౌల్టన్ మార్స్‌టన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు. అబద్ధమును పసిగట్టుటకు రక్తపుపోటును కొలుచు పద్ధతిపై పరిశోధనలు చేసినవాడు. ఆమె చేతి పాశమునకు చిక్కినవారు నిజము చెప్పక తప్పదనుటలోని చమత్కారము దీనివలన తెలియును. పురుషులు లేని ద్వీపమున పెరిగిన అమెజాన్ రాజకుమారి డయానా. తుపాకీ గుండ్లను ముంజేతి కడియములతో త్రిప్పికొట్టును. బాలికలు గూడ బలవంతులు కాగోరవలెనని మార్స్‌టన్ బుద్ధిపూర్వకముగా ఆమెను తీర్చిదిద్దెను. అతడు 1947లో మరణించెను. తరువాత ఇరువది యేండ్లు రాబర్ట్ కానిగర్ ఆమె కథలు వ్రాసెను. వానిలో వివాహపు బెంగ పెరిగెను, తొలినాటి పదును తగ్గెను.

1968లో ఈ పత్రికను బాగుచేయు పని డెన్నిస్ ఓనీల్‌కు అప్పగింపబడెను. వయస్సు 29 ఏండ్లు. కొంతకాలము వార్తాపత్రికలలో పనిచేసి వచ్చినవాడు. చిత్రకారుడు మైక్ సెకోవ్‌స్కీ. వీరిరువురు చేసిన మార్పు సామాన్యమైనది కాదు. అమెజానుల మంత్రశక్తి క్షీణించినది. దానిని పునరుద్ధరించుకొనుటకు వారందరు వేరొక లోకమునకు పోవలసి వచ్చినది. డయానా మాత్రము తాను ప్రేమించిన స్టీవ్ ట్రెవర్ కొరకు ఇచ్చటనే నిలిచిపోయి, శక్తులను, వేషమును త్యజించినది. మరుసటి సంచికలోనే ఆ స్టీవ్ మరణించెను! ఆమె తెల్లని దుస్తులు ధరించి, ఒక దుస్తుల దుకాణము తెరచి, అంధుడైన వృద్ధ గురువు వద్ద మల్లయుద్ధ విద్యలు నేర్చినది. ఆ గురువు పేరు ఐ చింగ్. అది చీనావారి ప్రాచీన గ్రంథము పేరు. మన కథలో ఒక ముసలి గురువునకు ఉపనిషత్తు అని పేరు పెట్టినట్లున్నది. దీనికి ఓనీల్ తరువాత సిగ్గుపడెను.

ఓనీల్ ఉద్దేశమేమి? దేవతల వరములవలన గాక, స్వయంకృషిచే నిలబడు స్త్రీని చూపవలెనని. ఆనాటి బ్రిటిష్ టెలివిజన్‌లో ఎమ్మా పీల్ అను పాత్ర అట్టిదే, లోకప్రియమై యుండెను. ఆలోచనలో దోషము కనబడదు. పాఠకులలో కొందరు దీనిని మెచ్చుకొనిరి కూడ. ఓనీల్ కొద్ది సంచికలు వ్రాసి తప్పుకొనగా సెకోవ్‌స్కీయే రచనాభారమును వహించెను.

కాని ఈ పాత్రను బాల్యమున చదివి మరువని వారొకరుండిరి. ఆమె గ్లోరియా స్టైనమ్. 1934లో జన్మించినది, మార్స్‌టన్ కథలు వెలువడునాటికి ఆమెది సరిగా ఆ కథలు చదువు ఈడు. ఈమెకు మన దేశముతో గల సంబంధము చెప్పదగినది. 1957, 58 సంవత్సరములలో ఉపకార వేతనముపై భారతదేశమునకు వచ్చి, నాటి మద్రాసు రాష్ట్రమున రామనాథపురము ప్రాంతమున కులకలహములు చెలరేగినప్పుడు, వినోబా భావే అనుచరులతో గ్రామగ్రామము నడచినది. ఆ భూదానోద్యమము 1951లో మన పోచంపల్లిలో పుట్టినదే గదా. తిరిగిపోయి స్త్రీల హక్కుల ఉద్యమమున ప్రముఖురాలైనది. 1972 జూలైలో తన మిజ్ పత్రిక తొలి మాసిక సంచిక ముఖచిత్రముగా వండర్ వుమన్‌నే ప్రకటించినది. తెల్లని దుస్తుల డయానా కాదు. నక్షత్రముల వేషముతో, మేడలకంటె ఎత్తుగా అడుగులు వేయుచున్న పాత వీరవనిత. అధ్యక్ష పదవికి ఆమెయే తగునని పైన నినాదము. శక్తులు తిరిగి ఈయవలెనని ప్రచురణకర్తలపై ఒత్తిడి కూడ తెచ్చినది.

ఇచ్చట కథ చిక్కుబడును. అదే 1972లో ఆ పత్రికకు మరియొక కొత్త రచయిత వచ్చి యుండెను: సామ్యూల్ డెలేనీ, వైజ్ఞానిక కథారచనలో పేరుపొందినవాడు. అతని కథ ఒకటి డిసెంబరు సంచికలో వచ్చినది. ఒక పెద్ద అంగడిలో పనిచేయు స్త్రీలకు యజమాని తక్కువ జీతములిచ్చుటయే దాని వస్తువు. ఇట్లు ఆరు సంచికల కథ నడపవలెనని అతని సంకల్పము. చివరిది స్త్రీల వైద్యశాలను మూయింపజూచు పురుష దుండగులతో పోరాటము. శక్తులు లేని సామాన్య స్త్రీయే ఈ కథలకు అవసరము. కాని 1973 మొదటి సంచికలో కానిగర్ తిరిగి వచ్చెను. ఐ చింగ్ తుపాకీ గుండునకు కూలెను, డయానాకు పాత శక్తులు వచ్చెను, డెలేనీ కథ అర్ధాంతరముగా ఆగిపోయెను. స్త్రీల జీతములను గూర్చిన కథ స్త్రీల గౌరవము కొరకు జరిగిన ఆందోళనవలన ఆగినదని డెలేనీ తరువాతి కాలమున వాపోయెను.

నా మట్టుకు, స్టైనమ్ పక్షమున న్యాయమున్నదనియే తోచును. అంత శక్తిగల పురుష వీరులు ఎందరో యుండగా, ఉన్న ఒక్క స్త్రీ బలమును తీసివేసి అది స్వావలంబన యనుట చెల్లదు. ఓనీల్ కూడ దీనిని ఒప్పుకొనెను. తాను స్త్రీలకు మేలు చేయుచున్నాననియే భావించితినని, అవతలివారి దృష్టి తనకు తట్టలేదని పలుమారులు చెప్పెను. ఇంత నిష్కపటముగా పొరపాటును అంగీకరించిన రచయితలు అరుదు. అయినను డెలేనీ వ్రాయకుండ పోయిన ఆ సంచికలను తలచినప్పుడు మనస్సు కలుక్కుమనక మానదు.

ఓనీల్‌కు పాఠకులతో మరియొక ప్రసంగము రాసిపెట్టి యుండెను. 1988లో అతడు బ్యాట్‌మాన్ కథల సంపాదకుడు. బ్యాట్‌మాన్ తోడుగా ఉండు రెండవ రాబిన్, జేసన్ టాడ్ అను బాలుడు, 1983లో ప్రవేశించినవాడు. 1987లో ఒక కొత్త రచయిత వాని పుట్టుపూర్వోత్తరములను మార్చి, బ్యాట్‌మాన్ కారు చక్రములను దొంగిలింపబోయిన వీధిబాలునిగా చేసెను. దుడుకుతనము హెచ్చినది, వాడు పాఠకులలో చాలమందికి రుచింపలేదు. ఓనీల్ బృందము ఆ బాలుని ప్రేలుడులో చిక్కించి, బ్రతుకవలెనా చావవలెనా యను నిర్ణయమును టెలిఫోను ద్వారా పాఠకులనే అడిగెను. రెండు నంబర్లు, పిలుపునకు 50 సెంట్లు, గడువు ఒకటిన్నర దినము. వచ్చిన పిలుపులు 10,614. బ్రతుకవలెనన్నవి 5,271, చావవలెనన్నవి 5,343. డెబ్బదిరెండు పిలుపులతో ఆ బాలుడు మరణించెను.

ఎవరో ఒకడు తన కంప్యూటరును అమర్చి, గంటల తరబడి చావు నంబరునకే పిలుపులు పంపెనని విన్నట్లు ఓనీల్ తరువాత చెప్పెను. ఓనీల్ 2020లో మరణించెను. జేసన్ టాడ్‌ను మాత్రము 2005లోనే మరియొక రచయిత బ్రతికించి యుండెను. అట్లు చేయదగునా యని అభిమానులు మరల వాదములు మొదలిడిరి.