చాట్స్‌వర్త్‌లో మా కుర్రతనం

మన తాతలు 1860 నుండి 1911 వరకు ఓడలలో నేటాల్ చెరకు తోటలకు వచ్చిన సంగతి మన సంచికలలో చాలాసార్లు వ్రాశారు. మా కుర్రతనం గురించి ఎవరూ వ్రాయలేదు. సిగ్గు వల్లనేమో!

డర్బన్ మునిసిపాలిటీలో పనిచేసిన మనవారు అనేకులు మేగజీన్ బారక్స్‌లో ఉండేవారు. గదులు ఇరుకే గాని, ఒక పిల్లవాణ్ణి పదిమంది అవ్వలు కనిపెట్టి ఉండేవారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఆ కాపురాలను చెదరగొట్టింది. 1964 నుండి చాట్స్‌వర్త్ కొండల మీద ఒకే అచ్చులో పోసినట్లున్న ఇళ్లు ఇచ్చారు. పట్నంలో పనికి పోవాలంటే బస్సే గతి. అమ్మానాన్నలు చీకటితో వెళ్లి చీకటిపడ్డాక వచ్చేవారు. ఇక మమ్మల్ని చూచేదెవరు?

కదిలే బస్సుకు వ్రేలాడాము. పక్క యూనిట్ కుర్రాళ్లతో రాళ్లు రువ్వుకున్నాము. అవ్వ వీధిలో తెలుగున పిలిస్తే, స్నేహితులు వింటారని ఇంగ్లీషులో కసిరాము. రాళ్లకంటె అదే పెద్ద తప్పు. ప్రభుత్వ బడులలోకి మన భాషలు 1984లో గాని రాలేదు.

1980లో సమానమైన చదువు కావాలని విద్యార్థులు బడులు బహిష్కరించారు. అల్లరి పిల్లలని పేరుపడ్డ మావాళ్లే ముందు వరుసలో నిలిచారు. అది చూచి పెద్దలు తిట్టడం మానలేదు, అన్నం మాత్రం దాచి ఉంచారు.

ఇప్పుడు అరవై దాటి, సాయంత్రం తరగతిలో గుణింతాలు దిద్దుతున్నాము. ఉత్తర ఆర్కాటు నుండి వచ్చిన అవ్వ మాటలలో మాకు తప్పు లేకుండా వచ్చేది ఒక్కటే: "యాడికి పోతివిరా?"