ఫోను కవరులో దాచిన వాగ్దానం



మొన్న బుధవారం గృహకూడిక అయ్యాక ఒక సహోదరుడు వెనక ఉండిపోయాడు. ఫోను కవరు ఊడదీసి, అందులో దాచుకున్న వాగ్దాన కార్డు తీసి మా చేతిలో పెట్టాడు. అంచులు నలిగిపోయాయి. 2020 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మేమే పంచిన కార్డు అది. యిర్మియా 29:11. దేవునికి మన విషయమై ఉన్నది హాని చేసే ఆలోచన కాదు, సమాధానమిచ్చే ఆలోచన అని చెప్పే వచనం. ఎకరం మిర్చి వేసే మనిషి, ఆ మాటను నమ్మి ఆ ఏడు మూడెకరాలు కౌలుకు తీసుకున్నాడు. ఆ ఏడే నల్ల తామర పురుగు వచ్చింది. మన గంపలగూడెం, తిరువూరు చేలల్లో అది ఏం చేసిందో మీకు మేము చెప్పనక్కర లేదు. మందు కొట్టిన కొద్దీ అప్పు పెరిగింది గాని పూత నిలవలేదు.

"అయ్యగారూ, దేవుడు అబద్ధమాడడని మీరే చెప్తారు కదండీ. మరి ఈ కార్డు సంగతేంటి?" అన్నాడు.

కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే మాకు తేలికగా ఉండేది. మేము భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపించాం. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబు కోసమే. అయితే దానికి ముందు, దేవుని వాక్యము మన తెలుగు ఇళ్లలోకి ఏ దారిన వచ్చిందో కొంత చెప్పుకోవాలి.

తెలుగు బైబిలు చరిత్ర అచ్చు కాని బైబిలుతో మొదలవుతుంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మిషనరీ మద్రాసులో ఉండి 1720ల చివర్లో క్రొత్త నిబంధనను, ఆ తరువాత 1732 నాటికి పాత నిబంధనను తెలుగులోకి తిప్పాడు. రాతప్రతి జర్మనీలోని హాలె పట్టణానికి చేరింది. అక్కడ తెలుగు అక్షరాలు పోతపోసి 1746, 1747లో ఆయన చిన్న పుస్తకాలు అచ్చువేశారు కూడా. బైబిలు మాత్రం అచ్చు కాలేదు. అంత కష్టపడి తెచ్చిన వాక్యము పరాయి దేశంలో కాగితాల కట్టగా ఉండిపోయింది, ఇక్కడ ఒక్క తెలుగు మనిషీ అది చదవలేదు. మా ఇళ్లలో జిప్పు కవరు వేసి, ఆదివారం తప్ప తెరవని బైబిళ్లను చూసినప్పుడల్లా మాకు ఆ కట్ట గుర్తొస్తుంది. మా ఇంట్లో కూడా అలాంటిది ఒకటి ఉంది లెండి, పెళ్లికి వచ్చిన బహుమానం.

ఆ తరువాత 1805లో లండన్ మిషను వారు జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. బ్రాహ్మణ కుటుంబంలో నుంచి క్రీస్తునొద్దకు వచ్చిన ఆనందరాయరు వారికి తోడయ్యాడు. ఆయన లేకపోతే ఆ అనువాదం తెలుగు వాళ్ల నోట పలికేది కాదు. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వారు తిప్పిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరాంపూరులో అచ్చయ్యాయి. తమ పని అచ్చులో చూసుకోవడానికి ఇద్దరిలో ఒక్కరూ బ్రతికి లేరు. 1818లో సెరాంపూరు వారి తెలుగు క్రొత్త నిబంధన వచ్చింది.

ఇక మన ప్రాంతం సంగతి. 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ మచిలీపట్నం వచ్చారు. నోబుల్ గారు బడి పెట్టి పెద్ద కులాల పిల్లలకు బైబిలు నేర్పితే, అక్కడి నుంచి వాక్యము మెల్లగా కిందికి దిగి మాలపల్లెలకూ మాదిగపల్లెలకూ వస్తుందని ఆనాటి వారి లెక్క. దేవుని లెక్క వేరేగా ఉంది.

రాఘవాపురం మాలపల్లెలో పగోలు వెంకయ్య అనే మనిషి ఉండేవాడు. విగ్రహం దేవుడు కాదు, దేవుడొక్కడే అన్న మాట 1849 ప్రాంతంలో ఆయన చెవిన పడింది. అంతకు మించి ఏమీ తెలియదు. ఆ దేవుని పేరు తెలియదు, యేసు మాట వినలేదు. "నువ్వెవరివో, ఎక్కడున్నావో నాకు కనపరచు" అనే అర్థం వచ్చేలా తనకు చేతనైన మాటల్లో ప్రార్థన చేసుకుంటూ పదేళ్లు గడిపాడు. 1859లో కృష్ణానదికి పండుగ స్నానాలకని బెజవాడ వచ్చినప్పుడు టి. వై. డార్లింగ్ అనే మిషనరీని కలుసుకున్నాడు. డార్లింగ్ గారు ఏళ్ల తరబడి ప్రకటించి పెద్దగా ఫలం చూడని మనిషి. ఒకరు వెదకుతూ, మరొకరు విసిగిపోతూ పదేళ్లు ఈ కృష్ణా తీరంలోనే ఉన్నారన్నమాట. వెంకయ్య బాప్తిస్మం పొందాక ఆయన మూలంగా చుట్టుపక్కల పల్లెల్లో సంఘాలు లేచాయి. మన ప్రాంతపు మాలపల్లెల్లో సువార్త చరిత్ర ఎవరు చెప్పినా ఆ పేరు దాటి వెళ్లలేరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అలా వచ్చిన వేలమందిలో చాలామందికి అక్షరం రాదు. బడి గడప తొక్కనివ్వని కాలం. అచ్చయిన బైబిలు చేతికిచ్చినా తలకిందులుగా పట్టుకునే జనం. మరి వాక్యము వాళ్ల రోజువారీ బ్రతుకులోకి ఎలా వచ్చింది?

చెవి గుండా వచ్చింది. పల్లెకొక ఉపదేశి ఉండేవాడు. కూలికి పోయినవాళ్లు చేల నుంచి తిరిగొచ్చాక చీకటి పడ్డ వేళ గంట కొట్టి కూర్చోబెట్టేవాడు. ఒక పాట, ఒక కథ, ఒక ప్రార్థన. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఈ పద్ధతిని గట్టిగా పట్టుకున్నారు. మన దేశంలో ఆంగ్లికను సంఘానికి ఆయనే మొదటి భారతీయ బిషప్పు. పుట్టింది తమిళ దేశంలో, మన కోసం తెలుగు నేర్చుకున్నారు. చదువు రానివారికి పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, ప్రభువు కథలు కంఠతా వచ్చేదాకా నేర్పించేవారు. బాప్తిస్మం తీసుకున్నవారు తమ తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పౌలు అన్న మాటను ఒప్పుకోవాలి. బాప్తిస్మం పొందిన కూలి మనిషి ఆ రోజు నుంచే ప్రకటించేవాడు. అంతకు ముందు తరంలో 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు కూడా ఇదే పని చేశాయి. చదవలేని నోటికి పాట పుస్తకమయింది.

మా నాయనమ్మ అలాంటి మనిషే. వేలిముద్ర మనిషి. ఇరవై మూడవ కీర్తన మొదటి నుంచి చివరి వరకు చెప్పేది, కలుపు తీస్తూ చెప్పేది. పచ్చికబయళ్లు వచ్చినప్పుడూ చీకటి లోయ వచ్చినప్పుడూ ఆమె గొంతు ఒకేలా ఉండేది. మధ్యలో ఎక్కడా ఆపడం ఆమెకు రాదు. మధ్య నుంచి అడిగితే చెప్పలేదు, మళ్లీ మొదటికి వెళ్లాల్సిందే. చిన్నప్పుడు దానికి మేము నవ్వేవాళ్లం.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. చదువు రాని మా నాయనమ్మ దగ్గర కీర్తన అంతా ఉంది. చదువొచ్చిన మా సంఘం దగ్గర ఒక వచనం కార్డు ఉంది. ఆ తరాన్ని మరీ ఎత్తుకుంటున్నామనుకోకండి. ఉపదేశి తప్పు చెప్తే సరిచూసుకునే దారి వాళ్లకు లేదు, చెప్పిందే వేదం. అందుకే పిల్లల్ని బడికి పంపాలని అంత ఆరాటపడ్డారు. మనవడో మనవరాలో తెరిచి చదివి చెప్తారని. లోయి అవ్వ, యునీకే తల్లి తిమోతికి చిన్ననాటనే లేఖనాలు నేర్పారంటే ఆ ఇంట్లో కూడా ఇదే జరిగి ఉంటుంది. ఆ చదువు వచ్చాక మేము చేసిందేమిటి? అధ్యాయంలో నుంచి ఒక ముక్క కత్తిరించి, రంగుల పువ్వులు వేయించి, వందల లెక్కన పంచాం.

ఆ ముక్కకు ముందూ వెనకా ఏముందో చూడండి. యిర్మియా 29 ఒక ఉత్తరం. బబులోనుకు చెరపట్టబడి పోయిన జనానికి రాసింది. ఐదవ వచనంలో అక్కడే ఇళ్లు కట్టుకోమంటున్నాడు, తోటలు నాటుకోమంటున్నాడు. పదవ వచనంలో, మీ విడుదలకు డెబ్బై ఏళ్లు పడుతుందంటున్నాడు. ఆ వెంటనే పదకొండు. అంటే ఆ సమాధానపు మాట విన్న పెద్దల్లో చాలామంది దాని నెరవేర్పు చూడకుండానే చనిపోయి ఉంటారు. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా ఉన్నాడు. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని దేవుని పేరట చెప్పిన ప్రవక్త. జనానికి నచ్చిన మాట, దేవుడు చెప్పని మాట.

2020 డిసెంబరు 31 రాత్రి మేము యిర్మియా మాటను పట్టుకుని హనన్యా పని చేశాం. వచనం నిజమే. దాన్ని "ఈ ఏడాది మీకు" అని ఇచ్చింది మేము. అది ఆ రైతు తప్పు కాదు, దేవుని తప్పు అంతకన్నా కాదు.

శనివారం ఆ సహోదరుని ఇంటికి వెళ్లి ఈ మాట ఆయనతోనే చెప్పాం. క్షమించమని అడిగాం. తరువాత బైబిలు తెరిచి, ఆయన కూతురు ఇంటర్ చదువుతోంది, ఆ అమ్మాయి చేత అధ్యాయం మొత్తం చదివించాం. డెబ్బై ఏళ్లు అన్న దగ్గర ఆయన భార్య "అయ్యో" అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఐదవ వచనం మళ్లీ చదవమన్నాడు.

"తోటలు నాటమన్నది ఆ అప్పులోళ్ల ఊళ్లోనే కదండీ?" అన్నాడు.

"పట్టుకుపోయినవాళ్ల ఊళ్లో" అన్నాం.

"అదే లెండి" అన్నాడు.

కార్డు మాకివ్వలేదు, మళ్లీ ఫోను కవరులోనే పెట్టుకున్నాడు. అమ్మాయి దాని వెనక పెన్నుతో 29:1–14 అని రాసింది.

ఈ డిసెంబరులో మన మందిరంలో కార్డులు పంచబోము. రేపు బుధవారం నుంచి గృహకూడికలో యిర్మియా గ్రంథం మొదటి అధ్యాయం నుంచి వరసగా చదువుతాము. రాత్రి ఏడున్నరకు. చదవలేనివారు ముందు వరసలో కూర్చోండి, పిల్లలు గట్టిగా చదువుతారు.