రోగి అనుమతి లేని వైద్యం

మన పత్రికకు ఏదైనా రాయమన్నప్పుడు, రక్తపోటు గురించో మధుమేహం గురించో రాస్తానని కార్యదర్శిగారు అనుకుని ఉంటారు. ఈసారికి క్షమించాలి. నాతో పనిచేసే చిలీ దేశపు డాక్టరొకాయన మొన్న కాఫీ తాగుతూ, "మా అమ్మకు పెన్షను చాలకపోవడానికి కారణం మీ షికాగోలో చదువుకున్నవాళ్ళేనయ్యా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ మాట పట్టుకుని నేను లైబ్రరీకి వెళ్ళాను.

మనం పిల్లలకు మ్యూజియం చూపించడానికి వెళ్ళే హైడ్ పార్కులోనే షికాగో విశ్వవిద్యాలయం ఉంది కదా. దానికీ శాంటియాగోలోని కాథలిక్ విశ్వవిద్యాలయానికీ అమెరికా ప్రభుత్వ సాయంతో 1956లో ఒప్పందం కుదిరింది. చిలీ విద్యార్థులు వచ్చి మిల్టన్ ఫ్రీడ్‌మన్, ఆర్నాల్డ్ హార్బర్గర్‌ల దగ్గర అర్థశాస్త్రం చదువుకున్నారు. ధరల మీద అదుపు తీసెయ్యాలి, సుంకాలు తగ్గించాలి, ప్రభుత్వ సంస్థలు అమ్మెయ్యాలి అన్నది పాఠం. నయా ఉదారవాదం అంటున్నది దాన్నే.

1970 ఎన్నికల్లో చిలీ ప్రజలు దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టిన సాల్వడార్ అయెందేను గెలిపించారు. ఆయనా వైద్యుడే. 1939లో ఆరోగ్యమంత్రి అయి, పేదరికానికీ రోగాలకూ ఉన్న సంబంధం మీద పుస్తకం రాశాడు. ఆయన పాలనలో ధరలు మండిపోయిన మాట, సరుకుల కోసం జనం బారులు తీరిన మాట దాచనక్కర్లేదు. 1973 సెప్టెంబరు 11న సైన్యం అధ్యక్ష భవనం మీద బాంబులు వేసింది. అయెందే అక్కడే ప్రాణం తీసుకున్నాడు. మూతపడిన పార్లమెంటు 1990 దాకా తెరుచుకోలేదు. షికాగో శిష్యుల దగ్గర అప్పటికే లావుపాటి పథకం ఒకటి సిద్ధంగా ఉంది. దాని లావు చూసి 'ఇటుక' అని పేరు పెట్టారు!

1975 మార్చిలో ఫ్రీడ్‌మన్ వెళ్ళి పినోషేను కలిశాడు. తర్వాత ఉత్తరం రాస్తూ 'షాక్ ట్రీట్‌మెంటు' సలహా ఇచ్చాడు. ఇది మా వృత్తి మాట గనుక నాకు గుచ్చుకుంది. చిన్న ఆపరేషనుకైనా మేము లాభనష్టాలు చెప్పి సంతకం తీసుకుంటాం. వద్దనే హక్కు రోగిది. చిలీలో వద్దనడానికి ఎవరు మిగిలారు? పార్టీలను నిషేధించారు, కార్మిక సంఘాలను అణిచారు, ఆ పాలనలో మూడువేల మందికి పైగా చంపారు లేదా మాయం చేశారు. 1975లో జాతీయోత్పత్తి సుమారు 13 శాతం పడిపోయింది. 1982లో ఇంచుమించు మళ్ళీ అంతే. మార్కెట్టే అన్నీ చూసుకుంటుందన్న ప్రభుత్వం 1983లో పెద్ద బ్యాంకులను తన చేతిలోకి తీసుకుంది.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. శిశుమరణాలు ఆ ఏళ్ళలోనూ తగ్గాయి. 1970లో వెయ్యికి 80 పైగా ఉన్నవి 1985 నాటికి 20కి దిగాయి. అయితే తల్లులకూ పసిపిల్లలకూ పాలు పంచే పాత సర్కారీ పథకాన్ని సైన్యం ఎత్తివేయలేదు. అందులో దాని పాత్ర ఉంది.

నాకు అన్నిటికన్నా దారుణంగా తోచింది 1980 రాజ్యాంగం. 1981లో పెన్షన్లు ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు (సైనికులకు మాత్రం మినహాయింపు!). రేపు ఓటరు వచ్చి ఇవన్నీ మార్చకుండా తాళాలు వేశారు. ఎవరూ ఎన్నుకోని సెనేటర్లు కొందరు. కీలక చట్టాలు మార్చాలంటే మామూలు మెజారిటీ చాలదు. మూడోవంతు ఓట్లున్న పక్షానికీ సగం సీట్లు దక్కే ఎన్నికల పద్ధతి. 1988లో ప్రజలు పినోషేను వద్దన్నారు, ఆయన దిగాడు. తాళాలు దిగలేదు. ఆ సెనేటర్లు 2005లో పోయారు, ఆ ఎన్నికల పద్ధతి 2015లో పోయింది.

1990 తర్వాత పేదరికం బాగా తగ్గిందన్నదీ నిజమే. అయినా 2019 అక్టోబరులో మెట్రో చార్జీ 30 పెసోలు పెరిగితే లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. వామపక్షం ముద్రతో తయారైన రాజ్యాంగాన్ని 2022లో, మితవాదులు రాసినదాన్ని 2023లో ఓటర్లు తిప్పికొట్టారు. సవరణలతో పాతదే నడుస్తోంది. 2025లో పెన్షను చట్టం మార్చి, యజమానులు కూడా కొంత కట్టాలన్నారు. కంపెనీలు మాత్రం ఉన్నాయి. తన తల్లికి నెలకు ఎంత పెరుగుతుందో మా మిత్రుడు ఇంకా లెక్కలు వేస్తూనే ఉన్నాడు.