గార పట్టని గొట్టం

గల్ఫ్ నగరాల దాహం తీర్చింది చమురేనంటారు. అది సగం నిజమే. ఒకప్పుడు షత్ అల్ అరబ్ నది నుంచి తెరచాప పడవల్లో మంచినీళ్లు తెచ్చుకున్న కువైట్, 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే, రోజుకు 10 లక్షల గ్యాలన్ల ప్లాంటు పెట్టుకుంది. సముద్రపు నీళ్లలో ఆవిరి గొట్టాలను ముంచి, వాటి ఒంటి మీదే నీళ్లు మరిగించే ఏర్పాటు అది. చిక్కు కూడా అక్కడే: గొట్టాలకు గార పట్టేది. ఇందులో వంటింటి ఉప్పు తప్పేమీ లేదు. నీళ్లలోని బైకార్బొనేట్ వేడికి విడిపోయి సున్నపు గారగా దిగుతుంది. ఇంకా కాగితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ తోడవుతుంది. అన్నిటికన్నా మొండిది కాల్షియం సల్ఫేట్. పంచదార వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది, ఇది మాత్రం వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే నీళ్లకన్నా వేడిగా ఉన్న గొట్టాన్నే పట్టుకుంటుంది. మొదటి రెండు గారలూ ఆమ్లానికి లొంగుతాయి, ఇది ఒక పట్టాన లొంగదు.

చమురు దండిగా ఉన్నచోట ఇంకాస్త మంట పెడితే పోలేదా అనవచ్చు. గార వేడిని అడ్డుకుంటుంది. దాన్ని దాటించాలని మంట పెంచితే గార ఇంకా త్వరగా పడుతుంది. ఇంధనం ఎంత చవకైనా ఈ ముడి విప్పలేదు. విప్పే దారుల్లో ఒకటి, మరిగే చోటును గొట్టం నుంచి తప్పించడం. గ్లాస్గోలోని వీర్ సంస్థలో రాబర్ట్ సిల్వర్ మలిచిన బహుళ దశల ఫ్లాష్ పద్ధతిలో నీళ్లు గొట్టాల్లో పీడనం కింద వేడెక్కుతాయే గానీ మరగవు. పీడనం తక్కువున్న గదిలోకి వచ్చాకే భగ్గున ఆవిరవుతాయి. 1960లో ఇది కువైట్ చేరింది.

అయినా గార పూర్తిగా పోలేదు, ఆపైన బరువంతా రసాయనాల మీద పడింది. పాలీఫాస్ఫేట్‌ను లక్ష పాళ్ల నీటికి ఒక పాలైనా కలపరు. అంత తక్కువ మందు నీళ్లలోని కాల్షియాన్నంతా పట్టి ఉంచలేదు, ఆ అవసరమూ లేదు. పుడుతున్న స్ఫటికం అంచులకు అతుక్కుని ఎదగనివ్వకపోతే చాలు. కానీ 90 డిగ్రీలు దాటితే ఆ మందే విరిగిపోతుంది. ఆమ్లం కలిపితే 120 డిగ్రీల దాకా పోవచ్చు గానీ, కొలత తప్పితే గొట్టాన్నే తినేస్తుంది. 1970ల్లో వచ్చిన పాలీమేలిక్ ఆమ్లపు మందులు, గొట్టాల్లో పరుగెత్తి లోపలంతా తోమే స్పాంజి బంతులు ఈ రెంటి మధ్య రాజీ కుదిర్చాయి.

ఇప్పుడు పొరల గుండా వడగట్టే రివర్స్ ఆస్మోసిస్ ఉంది కదా అంటే, ఆ పొరలకూ గార పడుతుంది, వాటికీ ఇలాంటి మందులే వాడతారు. మరి అసలు కాచకుండానే ఆవిరి చేస్తే? లక్షదీవుల్లోని కవరత్తిలో 2005 నుంచి చేస్తున్నది అదే: గోరువెచ్చని పైనీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు సముద్రపు చల్లనీటితో చల్లార్చడం. గార బెడద దాదాపు లేదు. కాకపోతే ఆ ప్లాంటు ఇచ్చేది రోజుకు లక్ష లీటర్లు. షువైఖ్ 1953లోనే ఇచ్చింది సుమారు 45 లక్షలు.