సవతి తండ్రి ఇంట్లో బిడ్డ: కన్న తండ్రి చూసే హక్కు, దత్తత – చట్టం, షరీఅత్ ఏం చెబుతున్నాయి?

తలాఖ్ లేదా ఖులా అయ్యాక తల్లి మళ్ళీ నికాహ్ చేసుకుంటుంది. బిడ్డ ఆమెతో పాటు కొత్త ఇంటికి వెళ్తాడు. కన్న తండ్రి ఏ గల్ఫ్ దేశంలోనో ఉంటాడు, లేదా దగ్గర్లోనే ఉండి రాకపోకలు మానేస్తాడు. అప్పుడు ఉంగుటూరులో అయినా, ఏలూరులో అయినా కుటుంబం ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. రాని తండ్రికి బిడ్డను చూసే హక్కు ఇంకా ఉందా? పెంచుతున్న సవతి తండ్రి ఆ బిడ్డను దత్తత తీసుకోవచ్చా?

చూసే హక్కు

హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కొడుకు ఏడేళ్ళ వరకు, కూతురు యుక్తవయసు వచ్చేవరకు తల్లి దగ్గర పెరగాలి. దీన్ని హిజానత్ అంటారు. సంరక్షక బాధ్యత, అంటే విలాయత్, తండ్రిది. బిడ్డకు మహ్రమ్ కాని వ్యక్తిని తల్లి పెళ్ళి చేసుకుంటే హిజానత్ పోతుందని ఫుకహా చెప్పారు. అయితే కోర్టులు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బిడ్డ క్షేమాన్నే ముందు చూస్తాయి. అందుకని మళ్ళీ పెళ్ళి చేసుకున్నదన్న ఒక్క కారణంతో బిడ్డను తల్లి నుంచి తీసుకెళ్ళడం తేలిక కాదు. అలాగే బిడ్డ తల్లి దగ్గర ఉన్నంత మాత్రాన తండ్రికి చూసే హక్కు పోదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు కలవాలో కోర్టు నిర్ణయిస్తుంది. పరిస్థితి మారితే ఆ ఉత్తర్వును మార్చమని ఇద్దరిలో ఎవరైనా అడగొచ్చు.

దూరదేశంలో ఉన్న తండ్రికి ఫోన్, వీడియో కాల్ కూడా దారే. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ప్రత్యేక కారణాలు లేకపోతే దూరంగా ఉన్న తల్లి లేదా తండ్రి రోజూ 5 నుంచి 10 నిమిషాలు బిడ్డతో మాట్లాడే వీలుండాలని చెప్పింది.

ఖర్చు వేరు, చూడటం వేరు

"డబ్బు పంపడు కాబట్టి బిడ్డను చూపించం" అని తల్లి వైపు వాళ్ళు అంటారు. "చూపించరు కాబట్టి పంపను" అని తండ్రి అంటాడు. రెండూ తప్పే. మైనర్ పిల్లల పోషణ ముస్లిం తండ్రి బాధ్యతేనని, పిల్లలు తల్లి దగ్గర ఉన్నా అది పోదని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద ఖర్చు అడగొచ్చు. చూసే హక్కును అడ్డుపెట్టి కాదు, కోర్టు ద్వారా అడగాలి.

దత్తత సంగతి

ఇస్లాంలో అనాథను, సవతి బిడ్డను పెంచడం పుణ్యకార్యం. కానీ పెంచినవాడు నసబ్‌ను మార్చలేడు. పిల్లల్ని వాళ్ళ తండ్రుల పేరుతోనే పిలవమని ఖుర్ఆన్ అల్ అహ్జాబ్ సూరా 5వ ఆయత్ చెబుతోంది. సవతి కూతురు విషయంలో పర్దా గురించి చాలామంది కంగారుపడతారు. తల్లితో కాపురం మొదలైన తర్వాత ఆ కూతురు సవతి తండ్రికి మహ్రమే. అందుకోసం దత్తత అక్కర్లేదు.

చట్టం మాత్రం మరో దారి తెరిచి ఉంచింది. మతంతో పని లేకుండా ఎవరైనా జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని, అది వాళ్ళ ఇష్టమేగానీ బలవంతం కాదని 2014 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు చెప్పింది. సవతి తండ్రి దత్తతకు భార్యాభర్తలు కారా వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి. కన్న తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కస్టడీ కేసు నడుస్తుంటే అది తేలేవరకు ఆగాలి. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టర్. నోటరీ దగ్గర రాయించుకున్న కాగితం దత్తత కాదు.

సంతకం పెట్టేముందు కన్న తండ్రి ఒకటి తెలుసుకోవాలి. ఉత్తర్వు వచ్చాక చట్టం దృష్టిలో అతనితో బిడ్డ బంధం తెగిపోతుంది.

మన తెలుగు కేసు

2022 జులై 28న జస్టిస్ దినేశ్ మహేశ్వరి, జస్టిస్ కృష్ణ మురారి ఒక తెలుగు కుటుంబం కేసులో తీర్పు ఇచ్చారు. బిడ్డ పుట్టిన కొన్ని నెలలకే తండ్రి చనిపోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. బిడ్డ కోసం నానమ్మ తాతయ్య కోర్టుకెక్కారు. కింది కోర్టు బిడ్డను తల్లి దగ్గరే ఉంచి, వాళ్ళకు పరిమితంగా చూసే హక్కు ఇచ్చింది. పాత ఇంటిపేరే తిరిగి పెట్టాలని, రికార్డుల్లో కన్న తండ్రి పేరు రాయడం కుదరకపోతే కొత్త భర్తను సవతి తండ్రిగా రాయాలని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. తండ్రి లేనప్పుడు ఇంటిపేరు నిర్ణయం సహజ సంరక్షకురాలైన తల్లిదేనంది. అక్కడ దత్తత జరిగింది హిందూ చట్టం కింద. అది ముస్లిం కుటుంబాలకు వర్తించదు. రికార్డులో ఒక్క మాట పిల్లవాడి మనసును నొప్పించగలదని ఆ తీర్పు చేసిన హెచ్చరిక మాత్రం అందరిదీ.

దత్తత లేకుండా ఏం చేయొచ్చు?

సవతి తండ్రి బిడ్డ చదువు, వైద్యం అన్నీ చూసుకోవచ్చు. బిడ్డ అతనికి వారసుడు కాడు కాబట్టి బతికుండగానే హిబా ఇవ్వొచ్చు, లేదా ఆస్తిలో మూడో వంతు వరకు వసియ్యత్ రాయొచ్చు. కన్న తండ్రి ఆస్తిలో బిడ్డ వాటా అలాగే ఉంటుంది.

ఎక్కడికి వెళ్ళాలి?

కస్టడీ, చూసే హక్కు కేసులు బిడ్డ మామూలుగా ఉండే చోటి కోర్టులో వేయాలి. బిడ్డ ఉంగుటూరులో ఉంటే అన్నీ ఏలూరు జిల్లా కిందికి వస్తాయి. తాడేపల్లిగూడెంలో ఉంటే, 2022 ఏప్రిల్ జిల్లాల విభజన తర్వాత దత్తత కాగితాలు భీమవరంలోని పశ్చిమ గోదావరి కలెక్టర్‌కు వెళ్తాయి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే చాలు.

కోర్టుకు ముందు ఇరువైపుల పెద్దలు కూర్చుని రోజులు, వేళలు కాగితం మీద రాసుకోవడం మంచిది. బిడ్డకు అన్నం పెట్టే అబ్బా ఒకరు, పేరు ఇచ్చిన అబ్బా ఒకరు కావచ్చు. ఇద్దరిలో ఒకరిని వదులుకోమని బిడ్డను అడగాల్సిన పని లేదు.