నారయు జిగురును: పడవల మరమ్మతు చరిత్ర

గురజాల పేరు వినగానే నలగామరాజు కొలువును, నాయకురాలు నాగమ్మయు, కోడిపోరును, కారెంపూడి రణరంగమును మనసున మెదలును. పలనాడు వీరభూమి, రాతినేల. ఇట్టిచోట పడవల ప్రసక్తి యేల యని కొందరికి తోపవచ్చును. కాని ఈ సీమకు ఉత్తరపు టెల్ల కృష్ణానది. సత్రశాల, తంగెడ, పొందుగల ఆ నది యొడ్డున వెలసిన యూళ్లు. పొందుగల కెదుటి గట్టున వాడపల్లి. అచ్చట మూసీ వచ్చి కృష్ణలో కలియును. వంతెనలు లేని కాలమున ఈ రెండు గట్లకును చుట్టరికము కలిపినది పుట్టి.

వెదురు బద్దలను గుండ్రని బుట్టగా నల్లి, వెలుపల తోలు కప్పిన పడవ పుట్టి. 17వ శతాబ్దిలో గోలకొండ రాజ్యమున సంచరించి, కృష్ణ యొడ్డున కొల్లూరు వజ్రపు గనులను చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, ఈ నదిని దాటించు పడవలు ఎద్దుతోళ్లు కప్పిన పెద్దబుట్టల వలె నుండునని వ్రాసెను. ఎల్లప్పుడు నీట నానిన తోలు కుళ్లును. అందుచేత పని ముగియగానే పుట్టిని గట్టుకు లాగి, బోర్లించి, యెండ నిచ్చెడివారు. చిల్లి పడినచోట అతుకు వేసెడివారు. తోలు చివికినచో క్రొత్త తోలు కప్పెడివారు. తరువాతి కాలమున తోలునకు బదులు తారు పూసిన గుడ్డ వచ్చినది. కప్పు మారినను మరమ్మతు నియమము మారలేదు: ముందు ఆరవలెను, పిమ్మట అతుకవలెను.

కృష్ణ వెంట సముద్రమునకు దిగినచో ఇదే నియమము పెద్దయెత్తున కానవచ్చును. శాతవాహనుల నాణెములలో రెండు స్తంభముల ఓడ బొమ్మ గలవి కలవు. అందు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములు ప్రసిద్ధములు. అనగా 2వ శతాబ్ది నాటికే తెరచాప మన తీరమునకు పరిచితము. ఆ ఓడలలో ఒక్క పలకయైనను మనకు మిగులలేదు. కొయ్యకు ఆయువు స్వల్పము. బాగుచేయు చేయి ఆగిననాడే అది మన్నులో కలియును.

కోరమండల తీరపు మసూలా పడవలను చూడుడు. పలకలను మేకులతో గాక కొబ్బరి త్రాళ్లతో కుట్టి, సందులలో గడ్డియో పీచో కూరెడివారు. మేకులతో బిగించిన పడవ కెరటముల దెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి లేచును. చెడిన పలక కుట్టు విప్పి, క్రొత్త పలక చేర్చి, తిరిగి కుట్టుట వారి మరమ్మతు. పెద్ద ఓడలకు సందులలో నార దిట్టముగా కూరి, గుగ్గిలమును నూనెతో కలిపి పూసెడివారు. నారయు జిగురును: ఈ జంటను చెలులు గుర్తుంచుకొనవలెను. మన కథ అంతయు దీనిపైననే నిలిచినది.

పగిలిన ఓడకు దిక్కు చూపుట రాజధర్మముగా గూడ నుండెను. తుపానున చిక్కి తీరమున పగిలిన ఓడల సరకును పూర్వరాజులు బలిమిని గైకొనుచుండిరి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి అభయశాసనమున ఆ యాచారమును విడిచి, నియమిత సుంకము మాత్రమే కొందునని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. తరువాత ఆంగ్లేయుల కాలమున, 1802లో, ఎబెనీజర్ రోబక్ అను నతడు కోరంగిలో ఓడల మరమ్మతునకై రేవుగుంటను కట్టించెను. 1789, 1839 సంవత్సరముల ఉప్పెనలు ఆ పట్టణమును దెబ్బతీసినవి. అయినను చేరువనున్న తాళ్లరేవున కొయ్య ఓడల పని అటు తరువాతను సాగినది.

ఇంతలో పడవకు క్రొత్త దేహము వచ్చినది. 1930 దశకమున అమెరికాలో గాజును కరగించి సన్నని నారగా తీయు పరిశ్రమ పెరిగెను. 1942లో ఓహియో రాష్ట్రమున రే గ్రీన్ అను నతడు ఆ నారను పాలియెస్టర్ రెజిను అను కృత్రిమపు జిగురుతో తడిపి, చిన్న తెరచాప పడవను చేసెను. ఇదియే ఫైబర్‌గ్లాసు. మన తీరమున 1980 దశకము మొదలు ఈ ఫైబరు పడవలు వచ్చి, తెప్పలను, చెక్క నావలను క్రమముగా తొలగించినవి. అవి చాలవరకు యంత్రముతో నడచునవి. తెరచాప మాత్రము హుస్సేనుసాగరము వంటి జలాశయములపై క్రీడాపడవలయందు నిలిచియున్నది. జాక్ హోల్ట్ 1956లో రూపొందించిన ఎంటర్‌ప్రైజ్ జాతి పడవ మొదట పొరచెక్కతో చేసినది. పిదప ఫైబర్‌గ్లాసుతోను చేసిరి.

ఈ పడవకు చెదలు లేదు, కుళ్లు లేదు. అందుచేత దీనికి మరమ్మతు అక్కర లేదను భ్రమ పుట్టినది. ఏండ్లు గడచిన పడవను చిన్న కొయ్యసుత్తితో తట్టి చూచినచో నిజము తెలియును. గట్టిచోట స్ఫుటమైన మ్రోత వచ్చును. పొరలు విడిన చోట మొద్దుమ్రోత వచ్చును. అడుగున పొక్కులు లేచి, చిదిపినచో పులిసిన వాసన గల ద్రవము కారుటయు కలదు. నీరు పైపూతను దాటి లోనికి చేరెనని దానికర్థము. తెరచాప స్తంభము నిలుచు పీఠము, మోకులను పట్టు లోహపు బద్దలు, చుక్కాని కీళ్లు, నీటిలోనికి దింపు నడిమి పలక గూడు మొదట చెడు తావులు. బలము పడునది అచ్చటనే.

బాగుచేయు క్రమము పుట్టివాని క్రమమే. ముందు ఆరబెట్టవలెను, పొక్కులు లేచిన పడవకు వారములు, ఒక్కొకప్పుడు నెలలు పట్టును. తరువాత చెడిన భాగమును గట్టిపొర తగులువరకు అరుగదీయవలెను. చిల్లి అంచును నిటారుగా విడువక, మందమునకు 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా చెక్కవలెను. 5 మిల్లీమీటర్ల మందమునకు 60 మిల్లీమీటర్లు. అపుడే క్రొత్త అతుకు పాతదానిని విశాలముగా పట్టుకొనును. దుమ్ము తుడిచి, గాజునార చాపను పరచి, జిగురుతో తడిపి, గాలిబుడగలు పోవునట్లు దొర్లుకఱ్ఱతో అదుమవలెను. పాత దేహముపై అతుకునకు పాలియెస్టరు కంటె ఎపాక్సీ జిగురు గట్టిగా అంటును. గాజుధూళి ఊపిరితిత్తులకు చేటు. ముక్కునకు ముసుగు, కన్నులకు అద్దములు ధరింపక ఈ పనికి పూనుకొనరాదు.

పలనాటివారికి ఇందు మరియొక హెచ్చరిక కలదు. గురజాలకు పొరుగున నున్న రెంటచింతల యెండ రాష్ట్రమంతట పేరుపడినది. వేడి హెచ్చినకొలది జిగురు వేగముగా గడ్డకట్టును. నార తడియకమునుపే గిన్నెలో బిగిసిపోవును. ఒక్కమారు పెక్కు పొరలు వేసినచో లోపలి వేడికి అతుకు పగులును. కావున ఇట్టి పనికి శీతకాలపు ఉదయము తగినది. కొద్దికొద్దిగా కలిపి, పొర వెంట పొర వేయవలెను.

ఇంత శ్రమ యేల, క్రొత్తది కొనరాదా యని అడుగవచ్చును. విడిచిన కొయ్యపడవ మన్నగును, లేదా వంటచెరకగును. విడిచిన ఫైబరు పడవ అట్లు కాదు. దానిని కాల్చిన విషపు పొగ. పాతిన తరములు గడచినను గాజు గాజుగనే యుండును. చెడని వస్తువును పారవేయుట కంటె బాగుచేయుట మేలనుట పొదుపు మాట మాత్రమే కాదు. నేలకును నీటికిని మనము పడిన బాకీ.

పునరుద్ధరణ యననేమో పలనాడు ఎరుగును. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. విజయపురి లోయ మునుగుటకు ముందే, 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు సాగించి, కొన్ని కట్టడములను రాయి రాయిగా విప్పి, నాగార్జునకొండపైనను, అనుపులోను తిరిగి నిలిపిరి. మిగిలినదానిని కాపాడుట, పోయినంత మేరకే పూరించుట ఆ పనిలోని నీతి. పడవను బాగుచేయువాని నీతియు ఇదియే. తోలు పోయి తారు వచ్చినది. గుగ్గిలము పోయి రెజిను వచ్చినది. ఆరనిచ్చు ఓరిమి గల చేయి ఉన్నంతకాలము పాతపడవ నీటికి దూరము కాదు.