తుప్పు పట్టిన పనిముట్టు: తెలుగు నేలలో దాని బాగుసేత చరిత్ర

తెలుగు నేలలో ఇనుము వాడుక సుమారు మూడు వేల ఏళ్ల నాటిదే అయినా, రెండు వందల ఏళ్ల కిందటి బాడిస గాని ఉలి గాని కొడవలి గాని చెక్కుచెదరకుండా కనిపించడం చాలా అరుదు. దీనికి తుప్పు ఒక్కటే కారణం కాదు. రాకాసి గుళ్లని జనం పిలుచుకునే బృహచ్ఛిలా సమాధులలో, అంటే పెద్ద బండలు పేర్చి కట్టిన ప్రాచీన సమాధులలో, శవంతోపాటు పూడ్చిన ఇనుప గొడ్డళ్లు, ఉలులు, కత్తులు ఎంత తుప్పు తిన్నా తమ ఆకారాన్ని నిలుపుకొని తవ్వకాలలో బయటపడుతూనే ఉన్నాయి. వాటికంటే ఎంతో ఇటీవలివైన పనిముట్లు కనిపించకపోవడానికి కారణం వేరు: అవి మట్టిపాలు కాలేదు, మళ్లీ కొలిమికి చేరి మరో పనిముట్టుగా మారిపోయాయి. పాత పనిముట్టును శుభ్రం చేసి అది ఉన్న రూపంలోనే నిలబెట్టాలన్న ఆలోచన ఈ నేలకు కొత్తది. పాతదాన్ని కాల్చి, సాగగొట్టి, తిరిగి పనిలోకి దించడమే ఇక్కడ తరతరాలుగా సాగిన బాగుసేత. ఈ రెండు పద్ధతులకూ శత్రువు తుప్పే అయినా, ఒకటి పనిముట్టు పనిని కాపాడితే రెండోది దాని ఒంటిని కాపాడుతుంది.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలిలోని ఆక్సిజనూ తేమా రెండూ కలిసి రావాలి. అప్పుడు లోహం జలయుత ఐరన్ ఆక్సైడుగా, అంటే నీటిని తనలో పట్టి ఉంచుకున్న ఎర్రటి పదార్థంగా మారుతుంది; అది మూలలోహం కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఒంటికి అంటిపెట్టుకొని ఉండలేక పెచ్చులుగా రాలిపోయి, కింది ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. రాగి మీద పట్టే చిలుము తన కింది లోహాన్ని కొంతవరకు కాపాడుతుందిగాని తుప్పుకు ఆ గుణం లేదు. ఉప్పు తోడైతే ఈ తినివేత మరీ వేగం పుంజుకుంటుంది కాబట్టే సముద్రపు గాలి సోకే కోస్తా ఊళ్లలో పనిముట్టు పాడైనంత త్వరగా మెట్ట ప్రాంతాలలో పాడు కాదు. చెమట చేతులతో పట్టుకొని తుడవకుండా వదిలేసిన చోట వేలిముద్రల ఆకారంలోనే తుప్పు పుట్టడానికి కారణం కూడా చెమటలోని ఉప్పే. అయితే ఇనుము మీద ఏర్పడే ప్రతి పొరా చెడ్డది కాదు. కొలిమిలో ఎర్రగా కాలినప్పుడు పట్టే నల్లని పొర, రసాయన శాస్త్రంలో మాగ్నటైట్ అనబడేది, దట్టంగా అతుక్కొని లోహానికి కొంత రక్షణనిస్తుంది. ఢిల్లీలోని ఇనుప స్తంభం పదహారు శతాబ్దాలుగా నిలిచి ఉండడానికి అందులో ఎక్కువ పాళ్లలో ఉన్న భాస్వరం వల్ల లోహం మీద ఏర్పడిన పలుచని రక్షణ పొరే కారణమని కాన్పూరు ఐఐటీ లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం వివరించాడు.

కమ్మరి చేసే బాగుసేత అర్థం కావాలంటే పాత పనిముట్టు నిర్మాణాన్ని దగ్గరగా చూడాలి. వెనకటి బాడిసలు, ఉలులు చాలావరకు ఒకే లోహంతో చేసినవి కావు. ఒడలంతా మెత్తని ఇనుము, అంచు మాత్రం ఉక్కు. ఉక్కు ఖరీదైనది, దొరకడం కష్టం. పైగా ఒడలంతా గట్టి ఉక్కే అయితే దెబ్బకు విరిగే ప్రమాదం ఉంటుంది. అందుకని కమ్మరి ఇనుప ముక్క అంచును చీల్చి, ఆ చీలికలో ఉక్కు తునకను ఇమిడ్చి, అతుకులో మలినం చేరకుండా ఇసుకో వెలిగారమో చల్లి, తగిన వేడికి తెచ్చి సమ్మెటతో ఒక్కటయ్యేలా కొట్టేవాడు. అటువంటి పనిముట్టు తుప్పు పట్టినప్పుడు ఈ రెండు లోహాలూ వేర్వేరుగా కనిపిస్తాయి: మెత్తని ఇనుములో మిగిలిపోయిన చిట్టెం, అంటే ఖనిజం కరిగినప్పుడు విడిపోయే మడ్డి, సుత్తి దెబ్బలకు పొడవుగా సాగి ఉంటుంది కాబట్టి, తుప్పు తిన్న ఒడలి మీద కొయ్య పోగుల్లాంటి గీతలు తేలతాయి; అంచున ఉక్కు ఉన్న మేర మాత్రం గీతలు లేకుండా సన్నని గుంటలే పడతాయి. తుప్పును జాగ్రత్తగా తుడిచిన బాడిస మీద ఈ రెండింటి సరిహద్దు గీతను వేలితో చూపించవచ్చు. సాన పట్టగా పట్టగా ఆ ఉక్కు అరిగిపోతుంది. మిగిలిన మెత్తని ఇనుము పదును నిలుపుకోలేదు. అప్పుడు పనిముట్టు కొలిమికి వచ్చి కొత్త ఉక్కు తొడుక్కొని వెళ్లేది. ఇలా ఒకే బాడిస ఎన్నో మార్లు పుట్టేది.

ఈ రాకపోకలకు గ్రామ వ్యవస్థలోనే ఏర్పాటు ఉండేది. పన్నిద్దరు ఆయగాండ్రలో, అంటే ఏడాది పొడవునా ఊరికి సేవ చేసి పంట కాలంలో కళ్లం దగ్గర ధాన్యపు వాటా తీసుకునే వృత్తులవారిలో, కమ్మరీ వడ్రంగీ ముఖ్యులు. నాగలి కర్రును సాగగొట్టడం, కొడవలికి కక్కులు కోయడం, గునపం మొన తేల్చడం వంటివన్నీ ఆ వాటాలోకే వచ్చే పనులు. ప్రతి పనికీ విడిగా డబ్బు చెల్లించే పద్ధతి లేనందువల్ల, తుప్పు పట్టిన పనిముట్టును పారవేసి కొత్తది కొనడానికి రైతుకు ఏ కారణమూ ఉండేది కాదు. మరమ్మతు సంస్కృతి అని ఈనాడు గొప్పగా చెప్పుకునేదానికి అప్పట్లో ఇంత గట్టి ఆర్థిక పునాది ఉందన్న సంగతిని చరిత్రకారులు మరింత శ్రద్ధగా పట్టించుకోవలసి ఉంది.

ఉక్కు ఎక్కడి నుంచి వచ్చేదన్న ప్రశ్నకు సమాధానం ఉత్తర తెలంగాణలో ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మూసల్లో ఉక్కు కరిగించేవారు. మూస అంటే వేడిని తట్టుకునే మట్టితో చేసి మూత బిగించిన చిన్న పాత్ర. 1820ల తొలినాళ్లలో ఆ ఊరికి వెళ్లిన హెన్రీ వాయ్సీ అనే సర్వే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త, అక్కడి పనివారు రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మూసల్లో కరిగించే తీరునూ, ఆ ఉక్కు కొనడానికి పారశీక వర్తకులు అంత దూరం వచ్చి కూర్చునే వైనాన్నీ నమోదు చేశాడు. ఆయన 1824లో మరణించాక, 1832లో ఆ వివరణ బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఈ ఉక్కులో కర్బనం వందకు ఒకటి నుంచి రెండు పాళ్ల దాకా ఉంటుంది. అందువల్ల అంచు అసాధారణంగా గట్టిపడుతుంది, అదే కారణాన తెల్లగా కాగేదాకా వేడి చేసి కొడితే ముక్కలైపోతుంది. యూరప్ కమ్మరులు చాలాకాలం ఈ ఉక్కును లొంగదీసుకోలేకపోయారంటే దాన్ని తక్కువ వేడి మీదే కొట్టాలన్న మర్మం వారికి తెలియకపోవడమే కారణం.

తుప్పు చరిత్రలో భారతీయ మూస ఉక్కుకు మరో చోటు కూడా ఉంది. ఊట్జ్ అనే పేరుతో లండన్ చేరిన ఈ లోహపు నమూనాలను జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీ ముందు వివరించగా, 1819 నుంచి కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడర్ట్‌తో కలిసి దాన్ని పరీక్షించిన మైకేల్ ఫారడే, స్వయంగా కమ్మరి కొడుకు, ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం వంటివి కలిపి మరింత మేలైన అంచును, గాలికి మసకబారని లోహాన్ని వెదికాడు. ఆయన మిశ్రమ లోహాలలో 79 ముక్కలు ఒక పెట్టెలో మిగిలి ఉండగా, రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ వాటిని పరిశీలించి 1931లో పుస్తకం ప్రచురించాడు. తుప్పు పట్టని ఉక్కు మాత్రం 1913లో షెఫీల్డ్‌లో హారీ బ్రేర్లీ చేతిలో, తుపాకీ గొట్టాల అరుగుదలను తగ్గించే ప్రయత్నంలో భాగంగా, క్రోమియం కలపడం వల్ల రూపు దిద్దుకుంది. వంటింటి కత్తులకూ గిన్నెలకూ అది వరమైందిగాని, వడ్రంగి ఉలికీ చిత్రికకూ నేటికీ ఎక్కువగా కర్బనపు ఉక్కే వాడుతున్నారు. కాబట్టి తుప్పు వదిలించే పని వారికి తప్పలేదు.

ఆ పని ఇళ్లలో, పనిశాలల్లో ఎలా సాగేదో చూస్తే తెలుగువారి దగ్గర ఉన్న సామగ్రి తక్కువేమీ కాదని తెలుస్తుంది. పైపొరను ఇటుక పొడితోనో సన్నని ఇసుకతోనో కొబ్బరి పీచు పెట్టి తోమడం, మొండి తుప్పును చింతపండు గుజ్జులోనో నిమ్మరసంలోనో నానబెట్టడం అందరికీ తెలిసినవే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం తుప్పును కరిగించి తమలో కలుపుకుంటాయి. ఆమ్లంలో మరీ ఎక్కువసేపు ఉంచితే తుప్పు అయిపోయాక మంచి లోహాన్ని కూడా తినడం మొదలవుతుందన్నదే ఇక్కడి జాగ్రత్త. ఇంతకంటే ఆసక్తికరమైనది కరక్కాయ. అందులో మూడో వంతు దాకా ఉండే టానిన్లు, అంటే తోలును పదును చేసే వగరు పదార్థాలు, తుప్పుతో కలిసి నీటిలో కరగని నీలి నలుపు సమ్మేళనంగా మారతాయి. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీ పనివారు ఈ చర్యనే రంగుగా మలచుకున్నారు: తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో కొన్ని వారాలపాటు పులియబెట్టి తీసిన ద్రావణాన్ని, కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద కలంతోనో అచ్చు దిమ్మెతోనో తాకించగానే గీత నల్లబడుతుంది. ఈనాడు తుప్పును స్థిరపరచడానికి సంరక్షకులు పూసే టానిక్ ఆమ్లపు పూతలో జరిగేదీ ఇదే. పనిముట్ల మీద ఇక్కడివారు కరక్కాయను ఇందుకోసమే వాడారని చెప్పడానికి ఆధారం చాలదుగాని, ఆ విద్యకు కావలసిన ముడిసరుకూ అనుభవమూ శతాబ్దాలుగా ఈ తీరంలోనే ఉన్నాయి.

శుభ్రం చేసిన ఇనుమును నూనె లేకుండా వదలడం చేసిన పనిని చెడగొట్టుకోవడమే. ఆముదం ఎండని నూనె కాబట్టి లోహం మీద చాలాకాలం తడిగానే నిలుస్తుంది. అవిసె నూనె గాలికి గట్టిపడి పొరగా మారుతుంది కాబట్టి కొయ్య పిడికి మేలు. నువ్వుల నూనె ఈ రెండింటికీ మధ్యరకం, కొంతకాలానికి జిగురు కట్టి దుమ్ము పట్టుకుంటుంది. పనిముట్లను ఇలా చూసుకునే అలవాటుకు పండుగల ఆసరా కూడా ఉండేది. జ్యేష్ఠ మాసంలో ఏరువాక పున్నమినాడు నాగలినీ వ్యవసాయ పనిముట్లనూ కడిగి పసుపు కుంకుమలు పెట్టడం, దసరా ఆయుధపూజనాడు కమ్మరి కొలిమీ వడ్రంగి పెట్టే శుభ్రపడి పనికి సెలవు పుచ్చుకోవడం ఆచారం. మొదటిది వానలు పడే వేళకు, రెండోది వానలు తగ్గే వేళకు రావడంతో, తేమ కాలానికి ముందొకసారి, తర్వాతొకసారి ఊళ్లోని ఇనుమంతా తనిఖీకి వచ్చినట్లయింది.

పంతొమ్మిదో శతాబ్ది రెండో సగంలో ఈ లోకం కదిలిపోయింది. షెఫీల్డ్ ఉక్కు, ఓడల మీద దిగిన చవక ఇనుప కడ్డీలు, రైలు మార్గాల తుక్కు ఒకవైపు, అడవుల చట్టాలతో బొగ్గు ప్రియం కావడం మరోవైపు తరుముకురాగా ఊరి కొలుములలో ఖనిజం కరిగించడం ఆగిపోయింది. జంషెడ్‌పూర్‌లో 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలయ్యాక ఆ మార్పు పూర్తయింది. తర్వాతి కాలంలో లారీ కమాను పట్టీలే కొడవళ్లకూ కత్తులకూ ముడిసరుకయ్యాయి. కోనసముద్రం పొలాల్లో చిట్టెం కుప్పలూ మూసల పెంకులూ మాత్రం మిగిలాయి.

పాతదాన్ని ఉన్నది ఉన్నట్లు నిలబెట్టాలన్న రెండో పద్ధతి సంగ్రహాలయాల నుంచి వచ్చింది. బెర్లిన్ రాచ మ్యూజియంలలో 1888లో ఫ్రీడ్రిష్ రాట్‌గెన్ చేతికి అప్పగించిన ప్రయోగశాలతో లోహవస్తువుల సంరక్షణ ఒక శాస్త్రమైంది. భారత పురావస్తు శాఖలో 1917లో మహమ్మద్ సనావుల్లా రసాయన శాస్త్రవేత్తగా చేరగా, నాటి తెలుగు జిల్లాలకూ రాజధాని అయిన మద్రాసులోని ప్రభుత్వ మ్యూజియంలో 1930లో రసాయన సంరక్షణ శాల మొదలై, ఎస్. పరమశివన్ కంచు విగ్రహాలకు విద్యుత్తు పద్ధతిని ప్రయోగించాడు. ఈ పద్ధతి సారాంశం ఇది: క్షార ద్రావణంలో వస్తువును రుణ ధ్రువానికి కలిపి విద్యుత్తు పంపితే తుప్పు పట్టడమనే చర్య వెనక్కి తిరిగి, తుప్పు కొంత నల్లని ఆక్సైడుగా మారుతుంది, కొంత వదులై ఊడిపోతుంది, మంచి లోహం మాత్రం అరగదు. పాత పనిముట్లను ఇష్టపడి బాగుచేసేవారు ఇప్పుడు బట్టల సోడా కలిపిన నీటి తొట్టిలో, 12 వోల్టుల చార్జరుతో, పనికిరాని ఇనుప రేకును ధన ధ్రువంగా పెట్టి ఇదే పని చేస్తున్నారు. ఆ రేకు స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, ఎందుకంటే దాని నుంచి విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీటిలోకి దిగుతాయి. పైగా హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోటే తొట్టి ఉండాలి.

అన్ని పద్ధతులలోకీ ఎక్కువ హాని చేసేది తిరిగే సానచక్రం. అది తుప్పుతోపాటు కొలిమి నలుపునూ, ఆకురాయి గీతలనూ, కమ్మరి వేసిన గుర్తునూ, ఉక్కు అతుకు గీతనూ కలిపి గీకేస్తుంది. రాపిడి వేడికి అంచు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత పసుపుగా, 300 దగ్గర నీలంగా మారుతుంది, నీలమెక్కిన మేర వడ్రంగానికి కావలసినంత కాఠిన్యం పోయినట్లే. ఉత్తర తెలంగాణ పాత ఇళ్ల అటకల మీద దొరికే ఉలులు, బాడిసల విషయంలో ఈ నష్టం మరీ పెద్దది, ఎందుకంటే కోనసముద్రం ఉక్కు ఆ ప్రాంతంలో ఇంకా మిగిలి ఉందంటే అటువంటి అంచులలోనే మిగిలి ఉండాలి. వాటిని మెత్తని ఇత్తడి బ్రష్షుతో, నూనెతో మాత్రమే శుభ్రం చేసి, అంచు పక్కన గోరంత మేర నున్నగా పాలిష్ పట్టి, పారశీక కత్తి పనివారు అన్నభేది జాతి, అంటే ఇనుప సల్ఫేటు ఉన్న, ఖనిజంతో చేసినట్లు పలుచని ద్రావణంతో తుడిస్తే, మూస ఉక్కు అయినప్పుడు నీటి అలల్లాంటి గీతలు తేలవచ్చు. అవి తేలకపోయినంత మాత్రాన అది మూస ఉక్కు కాదని తేల్చడానికి వీల్లేదు. కమ్మరి ఎక్కువ వేడి మీద కొట్టినా, అంచును నీళ్లలో ముంచి గట్టిపరచినా ఆ అలలు చెరిగిపోవచ్చు, అప్పుడు సూక్ష్మదర్శిని కింద లోహపు కణ నిర్మాణాన్నీ, అందులోని చిట్టెం జాడలనూ చూడడమే మార్గం. అలలు తేలినా తేలకపోయినా, అలాంటి పనిముట్టు ఏ ఊళ్లో ఏ వృత్తివారి ఇంట దొరికిందో రాసిపెట్టడం తుప్పు తుడవడం కంటే ముందు జరగవలసిన పని.